నాయుడు బావ అరచెయ్యి

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు తెలిసి వస్తున్నది ఒక్కరే. పేరు శ్రావణి, మా వెనక వీధి మోహనరావు గారి అమ్మాయి. ఫోన్లో పాటలు వినిపించే కంపెనీ ఏదో ఉద్యోగం ఇచ్చింది. ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని, తెలుగువాళ్ళు పొద్దున్నే ఏ పాట వినాలో, వాన పడితే ఏది వినాలో, మనసు విరిగితే ఏది వినాలో వరసలు కడుతుంది. ఆ పనికి ఇప్పుడు ఇంగ్లీషులో గంభీరమైన పేరుందట. నేను చేసిన రోజుల్లో దానికి పేరు లేదు. "క్యాసెట్ల సూరిబాబు" అనేవారు, అంతే.

మొన్న వచ్చి, "అంకుల్, ఆప్‌కో పతా కైసే చల్తా థా?" అంది. ఎవరికి ఏ పాట నచ్చుతుందో మీకెలా తెలిసేదీ అని. తను హిందీలో అడిగింది, నేను తెలుగులో రాస్తున్నాను, వాళ్ళమ్మ చదివి వినిపించాలి. భిలాయిలో పుట్టిన మా పిల్లలకి తెలుగు పాట వస్తుంది గాని తెలుగు అక్షరం రాదు. కాబట్టి నా పాఠకులు ఒకరున్నర.

ఆ ప్రశ్నకి సూటి జవాబు ఏమిటంటే, నాకు తెలిసేది కాదు. అప్పల్నాయుడు బావకి తెలిసేది. కొట్టు నడిచినన్నాళ్ళూ అతని మాట మీదే నడిచింది. అతను బాగుందన్న పాట నేను వందల ఇళ్ళకి పంపాను, బాగులేదన్నది అటక మీద పెట్టాను. ఈ మధ్య అతని చెవికి మిషను పెట్టించారు. ఆ మిషనుతో పాటలు మళ్ళీ వింటే ఏమంటాడో అన్నదే రిటైరయ్యాక నాకు మిగిలిన ఒకే ఒక్క వృత్తిపరమైన భయం. బీపీ, షుగరు విడిగా ఉన్నాయి.

సేఠ్ గారి సంచి

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి ఉక్కు ప్లాంటుకి వచ్చి సెక్టర్ 7లో క్వార్టరు సంపాదించారు. నేను పక్క ఊరు దుర్గ్‌లో బీకాం చదివాను. నాకూ ప్లాంటులో ఉద్యోగం వస్తుందని ఇంట్లో అందరూ నమ్మారు. ప్లాంటు ఒక్కటే నమ్మలేదు. దాంతో దుర్గ్‌లోనే క్యాసెట్లు టోకున అమ్మే ఒక సేఠ్ దగ్గర చేరాను.

సేఠ్‌కి సంగీతం మీద ఒకే అభిప్రాయం ఉండేది, అది అట్టపెట్టెల్లో వస్తుందని. కాని మనుషుల్ని చదవడం తెలుసు. "గ్రాహక్ కా ముఁహ్ మత్ దేఖో, థైలా దేఖో" అనేవాడు. కొనేవాడి ముఖం కాదు, చేతిలో సంచి చూడమని. సంచిలో మల్లెపూలుంటే ప్రేమ పాటలు. మందుల చీటీ ఉంటే భక్తి పాటలు. రెండూ ఉంటే పాత పాటలు.

ఈ సిద్ధాంతం నాకు చాలా శాస్త్రీయంగా కనిపించింది. ఒకరోజు ఒకాయన కొబ్బరికాయ, అరటిపళ్ళు, అగరొత్తులు పట్టుకుని వచ్చాడు. నేను ఆయన నోరు తెరవక ముందే దేవుడి పాటల క్యాసెట్టు తీసి చేతిలో పెట్టాను.

"ఏటి బాబూ ఇది?" అన్నాడు.

"భక్తి పాటలండి. కొత్తగా వచ్చాయి."

"కొబ్బరికాయ మా ఆవిడిది. నాకు ఆ కొత్త సినిమాలో డాన్సు పాట గావాల."

అందరూ నవ్వారు, సేఠ్ కూడా. ఇందులో పాఠం ఒకటి ఉంది. సంచి మోసేవాడు ఒకరు, సంచి ఎవరికోసమో వాళ్ళు వేరొకరు. ఆ ముక్క ఆ రోజే సరిగ్గా పట్టుకుని ఉంటే ఇది ఇంత పొడుగు రాయక్కర్లేకపోయేది. నేను దాన్ని హాస్యం ఖాతాలో వేసి మర్చిపోయాను.

"నువ్వే చూసి ఎక్కించు"

తరవాత సెక్టర్ 7 బజారులో నా సొంత కొట్టు పెట్టాను. ఒక పక్క టైలరు, ఒక పక్క సమోసాలు. అసలు పని క్యాసెట్లు అమ్మడం కాదు. జనం ఖాళీ క్యాసెట్టు తెచ్చేవారు, మనం పాటలు ఎక్కించి ఇవ్వాలి. అది చట్టానికి సరిపడదని తరవాత తెలిసింది. అప్పట్లో చట్టం మా బజారు వైపు సమోసాలకి మాత్రమే వచ్చేది.

కొందరు ఏ పాటలు కావాలో చెప్పేవారు. చాలామంది డ్యూటీకి పరిగెడుతూ, "నువ్వే చూసి ఎక్కించు సూరిబాబూ" అనేవారు. వృత్తి అంటే ఆ ఒక్క మాటే. మిగతాదంతా టేపు చుట్టడం. ఊరికి దూరంగా, ఎనిమిది గంటలు ఇనుము మధ్య నిలబడి వచ్చి, స్నానం చేసి కూర్చున్నవాడు ఏం వినాలో నువ్వు నిర్ణయించాలి. తప్పు చేస్తే ప్రాణం పోదు. ఒక సాయంత్రం పోతుంది. అలాంటి సాయంత్రాలు ఎన్ని ఉంటాయి ఎవరికైనా?

మరి ఎక్కించేవాడికి ఎవరు చెబుతారు? కొత్త పాటలు మాకు రైల్లో వచ్చేవి. సెలవు మీద విజయనగరం వైపు వెళ్ళినవాళ్ళు సంచిలో పడేసుకుని తెచ్చేవారు. తెచ్చిన ప్రతివాడూ "అక్కడంతా ఇదే ఇంటన్నారు" అని ప్రమాణం చేసేవాడు. ఆరా తీస్తే ఆ "అక్కడంతా" ఒక పెళ్ళిపందిరి. శ్రావణీ, పెళ్ళిలో విన్న పాటని మెచ్చుకున్నవాణ్ణి నమ్మకు. వాడికి నచ్చింది భోజనం.

పిల్లలకి సంగీతం నేర్పే శారదాంబ గారు ఉండేవారు. నిజంగా తెలిసిన మనిషి. ఫలానా గొంతు వినండి, ఫలానా వయొలిను వినండి అని ఓపిగ్గా చెప్పేవారు. తెప్పించేవాణ్ణి. ఆవిడ చెప్పినవన్నీ మంచి పాటలే. ఒక్కటీ కొట్టులోంచి కదల్లేదు. అంత మంచివి.

అరచెయ్యి

ఇలాంటి దశలో నాయుడు బావ వచ్చాడు. బావ అంటే రక్తసంబంధం ఏమీ లేదు. అతని భార్య పార్వతక్కది మా అమ్మ పుట్టిన ఊరు. పార్వతక్క అన్నయ్యకి మా వరసలోనే క్వార్టరు. వెనక గదిలో వీళ్ళ కాపురం. బావ హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న యూనిట్లో పెద్ద సుత్తి మిషను నడిపేవాడు. ఎర్రగా కాలిన ఇనుప ముద్ద మీద సుత్తి పడి దాన్ని ఆకారంలోకి తెస్తుంది. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన రబ్బరు బిళ్ళలు చొక్కా జేబులో ఉండేవి. దెబ్బ సరిగ్గా పడిందో లేదో చెవికే తెలుస్తుందనీ, చెవి మూసుకుని పనిచెయ్యడం కళ్ళు మూసుకుని సైకిలు తొక్కడమేననీ అనేవాడు.

సెలవు రోజు వచ్చి బల్ల మీద కూర్చుని, నా చెక్క స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించేవాడు. పసిపిల్లవాడి జ్వరం చూసినట్టు. కళ్ళు మూసుకునేవాడు.

"సౌండు పెంచురా సూరిబాబూ."

"ఇంతకన్నా పెంచితే పక్క టైలరు కత్తెర పట్టుకుని వస్తాడు బావా."

"రానీ. ఆడికీ ఇనబడాల గదా."

పాట సగంలో తీర్పు వచ్చేది. రెండే తీర్పులు. "నడుస్తాది." లేదా "నడవదు." నడుస్తాదన్నది నడిచింది. డప్పులున్నవి, డోలు ఉన్నవి, బరువైన మగ గొంతులు, కాలు కదిపే పాటలు. నడవదన్నది నడవలేదు. వేణువులు, వయొలిన్లు, సన్నటి ఆడ గొంతులు. మొదట్లో కాకతాళీయం అనుకున్నాను. తరవాత అతను "నడుస్తాది" అనగానే ఖాళీ క్యాసెట్లు తీసి సిద్ధం చేసుకునేవాణ్ణి. జనానికి కూడా తెలిసిపోయింది. "నాయుడు చెయ్యెట్టినాడా?" అని అడిగి కొనేవారు. కొన్నాళ్ళకి వాళ్ళూ పెట్టె మీద అరచెయ్యి ఆనించి వినడం మొదలుపెట్టారు. ఇంకెక్కడా లేని ఆచారం. పెట్టె పైభాగం ఒకచోట రంగు పోయి నున్నగా మెరిసేది.

చదువుకున్నవాణ్ణి కాబట్టి నేను దీనికొక సిద్ధాంతం తయారుచేశాను. ఉత్తరాంధ్రవాడి రక్తంలో డప్పు ఉందనీ, దూరదేశంలో అతను వెతికేది రాగం కాదు, ఊరి గుండెచప్పుడనీ. తెలుగువాళ్ళ సభలో ఒకసారి దీని మీద మాట్లాడాను కూడా. చప్పట్లు కొట్టారు. శారదాంబ గారు మాత్రం చేతిసంచి సర్దుకుంటూ కూర్చున్నారు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం భోజనం పెడుతూ మా అమ్మ అంది: "కొట్లో అంత డబ్బా ఎట్టీసి ఊరందరికీ పాటలు ఇనిపిస్తన్నావు. మన పార్వతి పాట ఒక్కసారి ఎక్కించకూడదేటి? అది పెరట్లో అంట్లు తోముతూ పాడతంటే మేమందరం కుళాయిలు కట్టీసి ఇంటాం."

"బావ ఆవిడది గొణుగుడంటాడమ్మా."

"ఆడికేటి తెలుసు?"

ఊళ్ళో అంత పేరున్న చెవిని పట్టుకుని ఆ మాట అన్నది మా అమ్మ ఒక్కతే. పుట్టింటి ఊరి అభిమానం అనుకున్నాను. పప్పులో కొంచెం ఉప్పు తక్కువైందని చెప్పి మాట మార్చాను.

చిన్న స్పీకరు

నా పెట్టెలో రెండు స్పీకర్లుండేవి. కింద పెద్దది, బరువైన చప్పుళ్ళకి. పైన అరచేతంత చిన్నది, సన్నటి చప్పుళ్ళకి. ఒక వానాకాలం కరెంటు ఎగిరి చిన్నది కాలిపోయింది. రిపేరుకి ఇచ్చాను. వచ్చినవాళ్ళంతా విసుక్కున్నారు. పాట దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది అన్నారు. సమోసాల అతనైతే ఆ వారం నా కొట్టు ముందు నిలబడనన్నాడు.

బావ వచ్చాడు. చెయ్యి పెట్టాడు. కళ్ళు తెరిచి ఆనందంగా చూశాడు.

"ఇయ్యాల బలే వస్తందిరా! ఏటి సేసినావు?"

"ఏమీ చెయ్యలేదు బావా."

"కాదు, ఏటో సేసినావు. మునుపటికన్నా కమ్మగుంది."

చిన్న స్పీకరు రిపేరై వచ్చాక నేను ఒక పని చేశాను. అది వృత్తిధర్మమో కాదో నువ్వే చెప్పు. బావ వచ్చేసరికి ఈసారి పెద్ద స్పీకరు తీగ విప్పి ఉంచాను. చిన్నది ఒక్కటే మోగుతోంది. శారదాంబ గారు చెప్పిన పాట ఒకటి పెట్టాను, ఒక అమ్మాయి గొంతు, వెనక వయొలిను. టైలరు మిషను ఆపి తల తిప్పి చూశాడు. బావ పెట్టె మీద అరచెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మర్యాదగా ఎదురుచూశాడు. పాట పల్లవి దాటింది. చరణం అయింది.

"ఎయ్యిరా మరి," అన్నాడు.

నేను తీగ బిగించి వేరే పాట పెట్టాను.

అతను ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాడు. సుత్తి దగ్గర పనిచేసేవాడికి అలవాటనుకున్నాను. చెవిలో ఎప్పుడూ కీచురాయి అరుస్తుంటుందనేవాడు, భిలాయి దోమలనుకున్నాను. బీకాంలో ఇవన్నీ చెప్పరు.

ఇక అతని తీర్పు లేకుండా కొట్టు నడపాలని నిర్ణయించుకున్నాను. పూర్తిగా వినగలిగిన మనిషినే నమ్ముదామని శారదాంబ గారి దగ్గరికి వెళ్ళి అడిగి, ఆవిడ చెప్పినవే ఎక్కించి ఇచ్చాను. నెల తిరక్కుండానే క్యాసెట్లు వెనక్కి రావడం మొదలైంది. ఒక క్రేను డ్రైవరు కౌంటరు మీద పెట్టి, "సూరిబాబూ, ఇది సరిగ్గా ఎక్కలేదు. నడమ నడమ ఏటీ లేదు" అన్నాడు. నేను అతని ముందే వేసి చూపించాను. ఆ నడమ నడమ వయొలిను ఉంది. చక్కటి వయొలిను. అతను పెట్టె మీద అరచెయ్యి పెట్టి, అయోమయంగా నా ముఖం చూశాడు.

అప్పుడు తెలిసింది. సుత్తుల దగ్గర, మిల్లుల దగ్గర, డీజిలు ఇంజిన్ల దగ్గర బతికే ఊరు ఇది. వీళ్ళందరూ బావని అనుకరిస్తున్నారనుకున్నాను. వాళ్ళూ వింటున్నారు. వినడానికి వాళ్ళకి మిగిలిన చోటు అరచెయ్యే.

కాబట్టి నేను మళ్ళీ బావ దగ్గరికే వెళ్ళాను. అతనికి ఏమీ చెప్పలేదు. చెబితే ఊరు నమ్మిన చెవి ఒకటి తగ్గిపోతుంది, దాని స్థానంలో పెట్టడానికి నా దగ్గర ఇంకొకటి లేదు. పైగా అతని తీర్పు తప్పు కాదు. కొనేవాళ్ళ చెవులకి సరిగ్గా సరిపోయే చెవి అది. శ్రావణీ, బాగా వినేవాడి మాట జనం వినరు. తమలాగా వినేవాడి మాట వింటారు. ఈ వాక్యం నా వృత్తి మొత్తం మీద నేను కనుక్కున్న సత్యం. దీన్ని కనుక్కుని నేను సుఖపడలేదు.

సంచి ఎవరికోసం

ఎందుకంటే కొనేవాళ్ళు ఆ మగవాళ్ళు. వినేవాళ్ళు వాళ్ళు ఒక్కరే కాదు.

ఇళ్ళలో ఆడవాళ్ళున్నారు. వాళ్ళ చెవుల మీద ఏ సుత్తీ పడలేదు. కుక్కరు కూత, కుళాయి ధార, పక్కింటి గాజుల చప్పుడు, అన్నీ వినబడే చెవులు. సాయంత్రం ఇంటాయన టేపు వేసుకునేవాడు, చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఇంట్లో అందరూ ఆ ధబధబ వినేవారు, ఏళ్ళ తరబడి. నా కొట్టుకి వచ్చి "నాకు ఇది కావాలి" అన్న ఆడమనిషి శారదాంబ గారు ఒక్కరే. మిగతావాళ్ళు ఏం వినాలనుకున్నారో నాకు తెలియదు. అడగలేదు. సంచి వాళ్ళ చేతిలో లేదు.

తరవాత సీడీలు వచ్చాయి. తరవాత ఫోను చిప్పులో పాటలు నింపి ఇచ్చే రోజులొచ్చాయి. అప్పుడు ఎవరూ "చూసి ఎక్కించు" అనలేదు. "పట్టినన్ని వెయ్యి" అనేవారు. తరవాత అదీ పోయింది. ఇప్పుడు నా కొట్టులో ఫోను కవర్లు అమ్ముతున్నారు. వాటిని మాత్రం జనం చాలాసేపు ఎంచుకుంటారు.

శ్రావణిని అడిగాను, మీ దగ్గర ఎవరు చెబుతారమ్మా ఏ పాట ఎవరికివ్వాలో అని.

"సగం నేను పెడతాను అంకుల్. మిగతాది సిస్టమ్. ముందు ఏది విన్నారో చూసి అలాటిదే దేతా హై."

"వినకుండా వదిలేసింది?"

"మళ్ళీ ఇవ్వదు."

"అయితే అదీ చెయ్యి పెట్టి చూస్తుందన్నమాట," అన్నాను.

అర్థం కాక, అరచెయ్యి కథ అంతా చెప్పించుకుంది. విని, "నాకు ఆ తాతయ్యని కలవాలి ఉంది అంకుల్" అంది. అది తెలుగే. హిందీ చొక్కా వేసుకుంది, అంతే.

ఉతైలో

బావ ఇప్పుడు భిలాయికి దగ్గర్లోనే ఉతైలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. మేం వెళ్ళేసరికి వరండాలో మంచం మీద కూర్చున్నాడు. చెవి వెనక లేత గోధుమ రంగు మిషను. అది పెట్టుకుని వారమే అయింది. ముఖం చూస్తే ఎవరో తిడుతున్నట్టు ఉంది.

"ఏం బావా, ఎలా ఉంది?"

"మెల్లగా మాట్లాడరా! ఎందుకలగ అరుస్తావు?"

నా జీవితంలో అతను నన్ను ఆ మాట అనడం అదే మొదలు.

"ఏటిరా ఇంత గోల," అన్నాడు. "ఆ పిట్టలు, ఆ గేటు, ఆ కాయితం మడిస్తే సప్పుడు. ఇదంతా ఎప్పుడూ ఉంటాదేటి?"

"ఉంటాది బావా."

"నాకు మరి ఎవులూ సెప్పలేదేటి?"

పార్వతక్క స్టీలు పళ్ళెంలో టీ గ్లాసులు పెట్టుకుని వచ్చింది. బక్కగా అయిపోయింది. గుమ్మం దాటేసరికే ఆయాసం. గ్లాసులు మా చేతికిచ్చి, పళ్ళెం స్టూలు మీద పెట్టి, గడప దగ్గర కూర్చుంది.

"ఎవులి పిల్లవే అమ్మా?" అని శ్రావణిని అడిగింది.

"మోహనరావు గారి అమ్మాయి అక్కా. పాటల ఉద్యోగం," అన్నాను.

"పాటలకి ఉద్యోగవేటి?" అని ఆవిడ నవ్వింది.

శ్రావణి ఫోను తీసి, తాతయ్యా ఒక పాట వినండి అని, తన వరసలోంచి ఒకటి పెట్టింది. ఎవరో కొత్త అమ్మాయి. సన్నటి గొంతు, వెనక ఏదో తీగవాద్యం, అంతే. డప్పు లేదు. బావ అలవాటుగా ఫోను మీదికి అరచెయ్యి చాపాడు. ఫోను చిన్నది, చేతికి ఏమీ తగల్లేదు కాబోలు, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒడిలో పెట్టుకున్నాడు. ఏం చెయ్యాలో తెలియనట్టు ఆ చెయ్యి వైపు చూశాడు. తరవాత తలెత్తి విన్నాడు.

నేను అతని ముఖమే చూస్తున్నాను. వెనకటి కొట్టులో లాగే. సగంలో తీర్పు రాలేదు. పాట అయిపోయింది. శ్రావణి ఫోనుని పళ్ళెంలో పెట్టింది.

"ఇలాటియ్యి అప్పట్లో మనకి రాలేదేటిరా?"

నాకు రెండు దారులున్నాయి. రాలేదనొచ్చు. కాని పక్కన వృత్తిలోకి కొత్తగా వచ్చిన మనిషి ఉంది.

"వచ్చాయి బావా."

"మరేటి సేసినావు?"

"నువ్వు నడవదన్నావు."

 గేటు మీద పిట్ట అరిచినప్పుడల్లా బావ అటు చూస్తున్నాడు. నేను భయపడింది, అతను మా పాటల్ని తిడతాడని. తిట్టలేదు. తిడితే బాగుండేది; ఇద్దరం కలిసి తిట్టుకునేవాళ్ళం.

"ఇంకా ఏటేటి నడవదన్నాను?" అన్నాడు చివరికి.

 అతను మెల్లగా గడప వైపు తిరిగాడు.

"పార్వతీ, నువ్వు అంట్లు తోముతూ పాడీదానివంట. సూరిబాబు అమ్మ అనీది. నిజివేనా?"

"ఎప్పటి మాట అది," అంది పార్వతక్క. "మీరు గొణుగుడు అనీవోరు గదా. మానీసేను."

"ఎప్పుడు మానీసినావు?"

"ఏమో. మీకు తెలీలేదు గావాల."

కోపంగా అనలేదు. బియ్యంలో రాయి ఏరి పక్కన పెట్టినట్టు అంది.

"ఇప్పుడు పాడు. ఇంటాను. మిషనుంది."

"ఇప్పుడేటి పాట? మెట్టెక్కితే ఊపిరాడదు. గొంతు పోయి ఎన్నాళ్ళయిందో."

"ఒక్క ముక్క."

ఆవిడ నోరు తెరిచింది. నేను ప్రమాణం చేసి చెబుతున్నాను, ప్రయత్నం చేసింది. వచ్చింది దగ్గు. చెంగు అడ్డం పెట్టుకుని దగ్గి, తల అడ్డంగా ఊపి, మా వైపు చూసి సిగ్గుపడి నవ్వింది. శ్రావణి లేచి నీళ్ళు తెచ్చింది.

బావ చెవి వెనక చెయ్యి పెట్టి మిషను తీశాడు. మంచం మీద, తన పక్కన పెట్టాడు.

"ఇది నడవదు," అన్నాడు.

"అలవాటవుతాది బావా, కొన్నాళ్ళు..." అన్నాను. అతనికి వినబడలేదు.

పళ్ళెంలో ఫోను, మమ్మల్నెవర్నీ అడక్కుండా, ఇంకో పాట మొదలుపెట్టింది. ఏ లెక్కన ఎంచుకుందో దానికే తెలియాలి, డప్పుల పాట. స్టీలు పళ్ళెం జుమ్మని అదిరింది. శ్రావణి గబుక్కున ఆపబోయింది, నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో తెలియదు. బావ పళ్ళెం అదరడం చూశాడు. వంగి దాని అంచు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. కాస్సేపటికి వేళ్ళు కదిలాయి.

"ఇది నడుస్తాది," అన్నాడు, ఎప్పటిలా గట్టిగా, బజారంతటికీ వినబడేలా.

పార్వతక్క లేచి వచ్చి, ఫోను తీసి శ్రావణి చేతికిచ్చి, ఆయన చెయ్యి పక్కకి జరిపి, ఖాళీ గ్లాసులు పెట్టుకోవడానికి పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది.